దానంతటదే ఉడికే సూపు

ఆడవాళ్ళ బతుకులు బాగుచేసింది చదువు కాదు, ఓటు కాదు, ఉద్యోగం అసలే కాదు. స్లో కుక్కరు!

నవ్వకండి. ఉల్లిపాయలు తరిగిన చేత్తోనే ఈ మాట రాస్తున్నాను. నా కళ్ళలో నీళ్ళు కృతజ్ఞతవో ఉల్లిపాయలవో తేల్చుకునే తీరిక కూడా లేనంత నిజాయితీగా రాస్తున్నాను.

తెలియనివారికి చెబుతాను. స్లో కుక్కరంటే ఒక బరువైన పింగాణీ గిన్నె, దాన్ని కూర్చోబెట్టడానికి కరెంటుతో వేడెక్కే ఒక తొట్టి, పైన గాజు మూత, ముందు తిప్పడానికి ఒక మీట, పక్కన ఒక ఎర్ర లైటు. పొద్దున మీట తిప్పితే సాయంత్రానికి వంట సిద్ధం. ఈలోగా అది చేసే పని ఒక్కటే. ఉన్నచోటి నుంచి కదలకుండా కూర్చుని, రోజంతా నెమ్మదిగా వేడెక్కడం.

మా ఇంట్లో ఆ అర్హత ఉన్నవారు ఇదివరకే ఒకరున్నారు. అయినా రెండోదాన్ని కొన్నాం. ఎందుకు కొన్నామో చెబితే మీక్కూడా కళ్ళు చెమరుస్తాయి.

ఈ కాలమ్‌ని నేను చాలాకాలం మా భోజనాల బల్ల మీదే రాస్తూ వచ్చాను. ఒక పక్క తరగాల్సిన కూరగాయలు, ఒక పక్క తిట్టాల్సిన సమాజం. అప్పుడప్పుడు చెయ్యి మారి సమాజాన్ని సన్నగా తరిగి, కూరగాయల్ని తిడుతుండేదాన్ని. అలా నడిచిపోతుండగా మా ఎడిటరమ్మ ఫోన్ చేసింది.

"ఇంట్లోంచి రాసి పంపింది చాలండీ. వచ్చి ఆదివారం పేజీలు మీరే చూసుకోండి. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆఫీసులోనే. ఒక నెల చేసి చూడండి. ఇద్దరికీ కుదిరితే ఉండిపోదురుగాని" అంది.

నాకంటూ ఒక కుర్చీ! దానికి చక్రాలు! ఎవరూ తడి తువ్వాలు ఆరెయ్యని వీపు! ఫోన్ పెట్టేశాక కాసేపు ఏం చెయ్యాలో తోచక, పొయ్యి మీద ఏమీ లేకపోయినా గరిటె తిప్పుతూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. అద్దం ముందు సాధన చేసుకున్న వాక్యం కూడా తడబడకుండా చెప్పాను. "నేను ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. వారంలో సగం రోజులు రాత్రి వంట మీరు చూడండి."

మా ఆయన ఒక పెద్ద కంపెనీలో కొనుగోళ్ళ విభాగంలో పనిచేస్తారు. మనిషికొచ్చే ప్రతి కష్టానికీ లోకంలో ఎక్కడో ఒకచోట ఒక వస్తువు తయారై ఉంటుందనీ, కొటేషన్ తెప్పించుకోవడమే తరువాయి అనీ ఆయన గట్టి నమ్మకం. పెళ్ళైన కొత్తలో నేను పుట్టింటి మీద బెంగతో ఏడిస్తే టేబుల్ ఫ్యాన్ కొనుక్కొచ్చారు.

"దానికి నేనెందుకే? సొల్యూషన్ ఉంది" అన్నారు.

వారం తిరక్కుండా సొల్యూషన్ అట్టపెట్టెలో వచ్చింది.

ఇందులో ఉన్న ఔదార్యాన్ని మీరు గమనించాలి. భర్తకి వంట నేర్పడం ఎంత యాతన! ఉప్పు డబ్బా ఎక్కడుందో చూపించాలి, మంట తగ్గించమని గుర్తుచెయ్యాలి, చేసినదాన్ని మెచ్చుకోవాలి. మెషీన్‌కి అవేమీ అక్కర్లేదు. పైగా దానికి వారంటీ ఉంటుంది. భర్తకి వారంటీ ఇచ్చిన కంపెనీ మీకు తెలిస్తే నాకు రాయండి.

మొదటి వంటకి మెషీన్‌తో పాటొచ్చిన పుస్తకంలోంచి మా ఆయనే ఒకటి ఎంచారు. రాజ్మా గింజల సూపు. చిక్కగా, కడుపునిండా, రొట్టె ముక్క నిలబెడితే పడిపోనంత గట్టిగా ఉండే సూపు. "అన్నీ అందులో పడెయ్యడమే. ఇక దానంతటదే ఉడుకుతుంది" అని చదివి వినిపించారు.

నిజమే. అందులో నేను చెయ్యాల్సింది ఏమీ లేదు.

ముందురోజు సాయంత్రం గింజల్లో రాళ్ళూ పుచ్చులూ ఏరి నానబెట్టాలి, అంతే. పొద్దున్నే లేచి ఆ నీళ్ళు ఒంపేసి, కొత్త నీళ్ళు పోసి, పొయ్యి మీద కుతకుతా మరిగించాలి. ఈ గింజల్ని అలా మరిగించకుండా స్లో కుక్కర్లో పడేస్తే ఇంటిల్లిపాదికీ కడుపునొప్పి ఖాయమని అదే పుస్తకంలో లావు అక్షరాలతో ఉంది. మా ఆయన సన్న అక్షరాలు మాత్రమే చదివారు. తరవాత ఉల్లిపాయలు, వెల్లుల్లి, కేరట్, టమోటాలు తరగాలి. ఉల్లిపాయలు విడిగా వేయించాలి. ఎందుకంటే మెషీన్ ఉడికిస్తుందిగానీ వేయించదు. అది దాని హోదాకి తక్కువ. వేయించిన మూకుడు తోమాలి. ఇక మీట తిప్పి ఆఫీసుకి పరిగెత్తడమే!

సాయంత్రం వచ్చాక కూడా పనేమీ ఉండదు. కాసిని గింజలు గరిటెతో మెదిపి సూపు చిక్కబరచాలి. ఉప్పూ మిరియాలూ సరిచూడాలి. ఆకుకూర తుంచి వెయ్యాలి. వడ్డించాలి. ఆనక ఆ పింగాణీ గిన్నె కడగాలి. అది మా సింకులో పట్టదు. చంటిపిల్లని చంకనేసుకున్నట్టు ఒక చేత్తో పొదివి పట్టుకుని ఇంకో చేత్తో తోమాలి.

ఇదివరకు సాయంత్రం ఒక్కసారి వంట చేసేదాన్ని. ఇప్పుడు నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున, మళ్ళీ ఇవాళ సాయంత్రం, ఇలా మూడు విడతలుగా వంట చెయ్యకుండా ఉంటున్నాను. ఇంత విశ్రాంతి నా జన్మలో ఎరగను.

పైగా ఇంట్లో అందరికీ వంట మీద ఎంత శ్రద్ధ పుట్టిందో! ఆ గాజు మూతలో ఏం మహత్తుందో గానీ, దాని పక్కనుంచి వెళ్ళేవాళ్ళు మూత తియ్యకుండా వెళ్ళలేరు. మా ఆయన ఇంట్లో ఉన్న రోజున గంటకోసారి తీసి వాసన చూసి "బాగా వస్తోంది" అని సర్టిఫికెట్ ఇస్తారు. మా అబ్బాయి, కాలేజీలో చదువుకంటే కండల మీద ఎక్కువ కష్టపడుతున్న మా పుత్రరత్నం, తనకెంత ప్రొటీన్ రాబోతోందో మూత తీసి అంచనా వేస్తాడు. మా అత్తగారు ముందుగదిలో కూర్చుని స్వెట్టర్ అల్లుతుంటారు. ఇంతమంది ఇన్నిసార్లు ఏం చూస్తున్నారో చూద్దామని ఆవిడా లేచి వచ్చి మూత తీస్తారు.

మూత తీసినప్పుడల్లా వేడి పోయి వంట ఇంకాస్త ఆలస్యమవుతుంది. అయితేనేం? మూత తీసిన ప్రతివారూ వంటలో చెయ్యివేసినట్టే లెక్క. కొందరు తీసిన పుణ్యానికి చిటికెడు ఉప్పు కూడా వేసి వెళ్తారు. మా ఇంట్లో ఇంత సమష్టి కృషి మునుపెన్నడూ లేదు!

ఒక ఆదివారం సూపు బ్రహ్మాండంగా కుదిరింది. నేను వడ్డిస్తుండగా మా ఆయన ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టారు. కింద "మా మెషీన్ చేసిన సూపు" అని రాశారు. నేనూ చూశాను. నిండుగా మెషీన్, దాని ముందు గిన్నె, గిన్నె మీద గరిటె. ఆ గరిటె ఎవరూ పట్టుకోకుండా గాల్లో దానంతటదే నిలబడి ఉంది.

"నా చెయ్యేదండీ?" అన్నాను.

"ఫ్రేములో మెషీన్ సరిగ్గా పడాలి కదే. చెయ్యి అడ్డమొస్తే కట్ చేశాను" అన్నారు.

సబబే కదా? సూపు చేసిందొకరు, ఫోటోలో ఇంకొకరా? ఎంత అన్యాయం!

గ్రూపులో ప్రశంసలు కురిశాయి. మా ఆయన అక్కగారు, అంటే మా వదినగారు, "మీ ఇంట్లో ఆడవాళ్ళు పెట్టిపుట్టారు" అని రాశారు. ఆవిడ భర్త మాత్రం "మెషీన్ కూటికి రుచేం ఉంటుందోయ్ బావమరిదీ" అని ఒక చురక అంటించారు.

బావగారి చురకంటే మా ఆయనకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టే. వెంటనే ఇద్దర్నీ భోజనానికి పిలిచేశారు. నా నెలరోజుల ముచ్చట ముగిసే రోజు కూడా అదే. మర్నాడు ఎడిటరమ్మకి ఉంటానో మానేస్తానో చెప్పాలి.

"మంచిదే కదే" అన్నారు మా ఆయన. "ఆ రోజు నువ్వు ఆఫీసులో ఉండగా మెషీన్ వచ్చినవాళ్ళకి విందు పెట్టిందనుకో, ఇక నీ ఉద్యోగానికి అడ్డేముంది? హాయిగా ఉండిపోతానని చెప్పెయ్."

"పెట్టలేదనుకోండి?"

"ఎందుకు పెట్టదు? ఆన్ చేస్తే అదే పెడుతుంది."

అంటే నా చక్రాల కుర్చీని పట్టుకెళ్ళి మెషీన్ చేతిలో పెట్టారన్నమాట. నా భవిష్యత్తు ఇంత వెచ్చటి చోట ఎప్పుడూ లేదు.

ఆ రోజు రానే వచ్చింది. ముందురోజు సాయంత్రమే గింజలు నానబెట్టి, కూరగాయలన్నీ తరిగి డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున నేనింకా పొయ్యి వెలిగించకముందే ఎడిటరమ్మ ఫోన్ చేసింది. ఆఖరి నిమిషంలో పెద్ద ప్రకటనొకటి వచ్చిపడి సగం పేజీ మింగేసిందట, ఉన్నపళంగా రమ్మంది. కొంగు సవరించుకుంటూ మా ఆయన దగ్గరికి పరిగెత్తాను. గడ్డం గీసుకుంటున్నారు. ముఖమంతా నురగ.

"ఏమండీ, గింజలు ఆ మూల స్టీలు గిన్నెలో ఉన్నాయి. నీళ్ళొంపేసి పొయ్యి మీద బాగా మరిగించండి. తరిగినవి ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఉల్లిపాయలు కాస్త వేయించండి. అన్నీ మెషీన్‌లో వేసి ఆన్ చెయ్యండి."

"ఊఁ, నువ్వెళ్ళు. అది చూసుకుంటుంది" అన్నారు అద్దంలో తన గడ్డానికి.

రోజంతా ఆఫీసులో ప్రకటనకి మిగిలిన సగం పేజీలో నా ఆదివారాన్ని ఇరికించాను. సాయంత్రం ఎడిటరమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి, "రేపు చెబుతారుగా? మీరు ఉంటేనే బాగుంటుంది" అంది. ఆ మాట సంచిలో భద్రంగా పెట్టుకుని ఇంటికి బయల్దేరాను.

మెట్లెక్కుతుండగానే నాకు అనుమానం వచ్చింది. వాసన లేదు. గింజల సూపు ఉడికిన రోజున మా మెట్ల మీద కింది వాటావాళ్ళ కుక్క కూడా ఆగి ఆలోచిస్తుంది. ఆ రోజు అది నిశ్చింతగా నిద్రపోతోంది.

లోపల అందరూ బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. వదినగారు, ఆవిడ భర్త, మా అబ్బాయి, మా అత్తగారు. మధ్యలో మెషీన్, గాజు మూత మీద తువ్వాలు కప్పి ఉంది. ఎర్ర లైటు ఠీవిగా వెలుగుతోంది. మా ఆయన దాని పక్కన పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడ్డారు.

"వాసన రావడం లేదేమిట్రా?" అన్నారు వదినగారు.

"మూత అంత బిగువక్కా. సారం ఒక్క చుక్క బయటికి పోనివ్వదు" అని మా ఆయన, నన్ను కూడా చూడమన్నట్టు తలెగరేసి, తువ్వాలు లాగి మూత ఎత్తారు.

లోపల తెల్లటి పింగాణీ. తళతళా మెరుస్తోంది. దాని అడుగున పై దీపం నీడ గుండ్రంగా కనిపిస్తోంది.

"నాన్నా, ఇది క్లియర్ సూపా?" అన్నాడు మా అబ్బాయి.

బావగారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. "తేలిగ్గా ఉందోయ్. నా అరుగుదలకి ఏ ఇబ్బందీ ఉండదు."

మా ఆయన మూత పెట్టి, మళ్ళీ తీసి చూశారు. రెండోసారికి సూపు వస్తుందేమోనని కాబోలు. "లైటు వెలుగుతోందే. మీట కూడా తిప్పాను. అయితే ఇది చెడిపోయింది. రేపే షాపుకి పట్టుకెళ్తాను, వారంటీలోనే ఉంది" అని నావైపు తిరిగారు. "నువ్వు గింజలు వెయ్యలేదా?"

"మీతో చెప్పే వెళ్ళాను కదండీ."

"ఆన్ చెయ్యమన్నావు. చేశాను."

అంతకుముందు నేను చెప్పినవన్నీ గడ్డం నురగతో పాటే సింకులో కొట్టుకుపోయినట్టున్నాయి.

"వాడేం చేస్తాడమ్మా, మగవాడు" అన్నారు వదినగారు మెత్తగా. "ఇంటి మనిషి ఇంట్లో లేకపోతే ఇలాగే ఉంటుంది మరి. నిన్ననడం లేదు, లోకం సంగతి చెబుతున్నాను."

మునిగిపోతున్న మా ఆయనకి ఆ మాట తెప్పలా దొరికింది. "నేననేదీ అదేనక్కా. తన ఉద్యోగానికి నేనెప్పుడైనా అడ్డు చెప్పానా? కానీ చూశావుగా, ఒక్క పూట తను లేకపోయేసరికి..." అని గొంతు తగ్గించి నాతో అన్నారు, "ఇంకొన్నాళ్ళు ఆగితే మంచిదేమోనే. రేపు మీ ఎడిటర్‌తో ఆ మాట చెప్పు."

చక్రాల కుర్చీ చక్రాల మీదే దూరంగా జరిగిపోవడం నా కళ్ళకి కనిపించింది. ఎంత మృదువుగా జరుగుతుందో! మంచి కుర్చీ.

అప్పుడు మా అత్తగారు అల్లిక ఒళ్ళో పెట్టుకున్నారు.

"మెషీన్ చెడిపోలేదురా."

"మరేమైందే అమ్మా?"

"ఇన్నాళ్ళూ దాంట్లో ఒక మనిషి ఉండేది. ఇవాళ పొద్దున్నే ఆఫీసుకెళ్ళింది."

బావగారు దగ్గబోయి మానేశారు. మా ఆయనకి ఆ మాట లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. దిగాక ఇంకో అనుమానం వచ్చింది.

"నీకు ముందే తెలుసా?"

"కాఫీ తాగి మూత తీసి చూశాను. రోజూ చూస్తాగా."

"ఖాళీగా ఉందని ఫోన్ చేసి చెప్పొద్దూ?"

"నువ్వు అడిగావా? ఉత్త గిన్నె, ఎక్కడ పగులుతుందోనని స్విచ్ తీసేశాను. మీ చెప్పుల చప్పుడు వినపడ్డాక మూత మీద తువ్వాలు కప్పి మళ్ళీ వేశాను. లైటు వెలక్కపోతే నీకు నమ్మకం కుదరదుగా."

"అమ్మా, నువ్వు కూడానా?"

"మీ నాన్న కూడా అచ్చం నీలాగే అనేవాడురా. మనింట్లో వంట దానంతటదే అయిపోతుందని ఊరంతా చెప్పుకునేవాడు. అప్పటికి మెషీన్లు కూడా రాలేదు." ఆవిడ అల్లిక మళ్ళీ అందుకున్నారు. "గింజలు ఆ మూల గిన్నెలో ఉన్నాయి. ప్రెషర్ కుక్కరు పై అరలో ఉంది. చేతులు నీ దగ్గరే ఉన్నాయి. అమ్మాయ్, నువ్వు కూర్చో."

కూర్చున్నాను. అత్తగారి మాట కాదనే కోడల్ని కాను కదా!

ఆ తరవాత జరిగింది వర్ణించడానికి నా ఆదివారం పేజీ చాలదు. మా ఆయన చొక్కా చేతులు మడిచారు. కూర్చున్నచోటి నుంచే నేను నోటితో వంట చేశాను. ఇది మా ఇంట్లో మగవాళ్ళు తరతరాలుగా చేస్తున్న విద్యే గనక సులువుగానే పట్టుబడింది.

"నీళ్ళు ఎన్నే?"

"గింజలు మునిగి, ఇంకాస్త పైకి."

"పూర్తిగా మునగాలా?"

"పరవాలేదోయ్, మునగడం నీకు అలవాటేగా" అన్నారు బావగారు గుమ్మంలోంచి.

"బావా, నువ్వు రొట్టె కొయ్యి. ఊరికే నిలబడి వేళాకోళమాడకు."

"నాకేం తెలుసయ్యా రొట్టె కొయ్యడం? దానికేదైనా మెషీన్ కొనలేకపోయావా?"

ఉల్లిపాయలు వేయిస్తూ మా ఆయన మణికట్టు దగ్గర మూకుడు అంచుకి కాల్చుకున్నారు. మా అబ్బాయి తల్లడిల్లిపోయి, "నాన్నా, ప్రొటీన్‌కేం కాలేదుగా?" అని అడిగాడు. వాడికి పళ్ళేలు తుడిచే పని పడింది. కుక్కరు కూత వేసినప్పుడల్లా మా ఆయన ఉలిక్కిపడి నావైపు చూశారు. నేను తల ఊపాను. వదినగారు మాత్రం తమ్ముడు ఉల్లిపాయలు కలుపుతున్నంతసేపూ ఆయన వీపు చూస్తూ, మధ్యమధ్య తన భర్త వీపు కూడా కొలుస్తున్నట్టు చూశారు.

చిత్రమేమిటంటే, మెషీన్ రోజంతా కూర్చుని చేసే సూపు, మనిషి నిలబడితే వచ్చినవాళ్ళు కబుర్లు చెప్పుకునేలోపు అయిపోయింది. వేడి పోకుండా ఉంటుందని అత్తగారు దాన్ని పింగాణీ గిన్నెలో పోయించారు. ఎర్ర లైటు మళ్ళీ వెలిగింది. అందరం తిన్నాం. మిరియాలు దండిగా పడ్డాయి. ఉప్పు రెండు విడతలుగా పడింది. గింజలు మాత్రం వెన్నలా ఉడికాయి.

బావగారు రెండో గరిటె వేయించుకుని, ముఖం చాలా సీరియస్‌గా పెట్టి అన్నారు.

"ఒప్పుకుంటున్నానోయ్. ఎంతైనా మెషీన్ మెషీనే. ఏం చేసిందీ!"

మా ఆయన చెంచా కింద పెట్టారు.

"మెషీన్ కాదు బావా. నేను."

"ఆఁ, అదేలే. మెషీన్‌లో నువ్వు పడేశావు, అది..."

"అది ఏం చెయ్యలేదు. లైటేసుకుని కూర్చుంది. అంతా నేనే చేశాను. నీళ్ళొంపింది నేను, వేయించింది నేను, మెదిపింది నేను. కావాలంటే ఇదిగో, ఇక్కడ కాలింది చూడు." మా ఆయన మణికట్టు బల్ల మీదుగా చాపి చూపించారు. "అందరికీ కనపడేలా నిలబడి చేస్తే, మెషీన్ చేసిందంటావేంటి?"

అత్తగారి చెంచా గాల్లోనే ఆగింది. అందరూ మా ఆయన్ని చూసి, తరవాత ఒకరొకరుగా నావైపు తిరిగారు. చివరికి మా ఆయన కూడా.

నా సూపు నేను తాగాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన ఆయన మీద నాకు ఎంత జాలేసిందో. పాపం, ఒక్క పూటకే ఇంత నొచ్చుకున్నారే!

మర్నాడు ఎడిటరమ్మకి ఉంటానని చెప్పాను. ఈ కాలమ్ రాస్తున్నది చక్రాల కుర్చీలో కూర్చునే. మొదట్లో ఉల్లిపాయలు తరిగిన చెయ్యి అన్నాను గదా, ఇవాళ వంట వంతు నాది, పొద్దున తరిగి వచ్చాను. వారంలో మిగతా సగం మా ఆయనది. ఆయన ఇప్పుడు బాగా ఆరితేరారు. గింజలు నానబెట్టే మెషీన్ ఎక్కడైనా దొరుకుతుందేమోనని కొటేషన్లు తెప్పిస్తున్నారు గానీ, అది వచ్చేదాకా చేత్తోనే నానబెడుతున్నారు. వదినగారు పోయిన ఆదివారం ఫోన్ చేసి, ఆ స్లో కుక్కరు తమకి కొన్నాళ్ళు అరువిస్తారా అని అడిగారు. "ఏం వండుతారొదినా?" అంటే, "ఏమీ వండను, ఖాళీగా ఆన్ చేసి మీ అన్నయ్యగారి ముందు పెడతాను" అన్నారు.

ఇప్పుడు చెప్పండి, స్లో కుక్కరు వరం అవునా, కాదా? మీ ఇంట్లో లేకపోతే ఇవాళే కొనుక్కోండి. కొన్నాక ఒక్క రోజు ఖాళీగా పెట్టి చూడండి. గాజు మూత గనక అందరికీ కనిపిస్తుంది.

నిన్న ఆయన వంతు. సూపు అద్భుతంగా కుదిరింది. ఆయన వడ్డిస్తుండగా నేనొక ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాను. "మా మెషీన్ చేసిన సూపు" అని రాశాను.

మా ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశారు. దూరంగా పెట్టి చూశారు. వేళ్ళతో పెద్దది చేసి కూడా చూశారు.

"ఇందులో నా చెయ్యేదే?" అన్నారు.

"ఫ్రేములో మెషీన్ సరిగ్గా పడాలి కదండీ" అన్నాను.